మంగళం పాడని హనుమమ్మ

రామన్నపేట నుంచి ఆటోలో పోతే, ఆటో దిగాక నడుము పట్టుకుని కాసేపు నిలబడాల్సినంత దూరంలో ఒక ఊరుంది. ఆ ఊళ్లో భజనకు పెద్ద హనుమమ్మ. వినాయకుడి పాట ఎత్తుకుంటే పొద్దు గుంకేదాకా పాడగలదు. మంగళహారతి మాత్రం పాడదు. రాక కాదు. భయం.

ఆ ఊరి భజనకు ఒక కట్టుబాటుంది. కంచు తాళాలు పట్టి మొదటి పాట ఎవరు ఎత్తుకుంటారో, చివర మంగళం కూడా వాళ్లే ఎత్తుకోవాలి. మంగళం అయ్యేదాకా కూర్చున్నవాళ్లు లేవకూడదు. లేచిపోతే ఆ ఇంటికి కీడు. మరీ తప్పకపోతే మగవాళ్లు కండువానో, ఆడవాళ్లు నమిలే తమాకు సంచినో కూర్చున్న చోట పెట్టి బయటికి పోయి రావచ్చు. అంతసేపూ ఆ కండువా భజనలో ఉన్నట్టే లెక్క. దానికి ప్రసాదం కూడా తీసిపెడతారు.

హనుమమ్మకు ముందు భజనకు పెద్దగా ఉన్న మైసమ్మ బతికున్నన్నాళ్లు తాళాలు ఆమె చేతిలో ఉండేవి. నడుమ నడుమ ఆమెకు వీలు కాక హనుమమ్మ పట్టింది. కరువొచ్చిన ఏడు ఒక శనివారం అట్లా పట్టి మంగళం పాడితే, హారతి కళ్లకద్దుకున్న మొగుడు దుర్గయ్య అటునుంచి అటే భీవండి బస్సెక్కాడు. మగ్గాల పనికి. తర్వాత ఆయన బట్టల పెట్టె వచ్చింది. ఆయన రాలేదు. ఇంకోసారి చెల్లెలి పెళ్లి ముందు పాడింది. చెల్లెల్ని ఆత్మకూరు దిక్కు ఇచ్చారు. ఆ పిల్ల మళ్లీ పుట్టింటి గడప తొక్కలేదు. రానక్కర్లేని సుఖమో, రాలేని కష్టమో ఎవరూ వచ్చి చెప్పలేదు. చివరిసారి మైసమ్మకు దగ్గు పట్టుకుని, "నువ్వే ఎత్తుకో పిల్లా" అని తాళాలు చేతికిచ్చింది. తెల్లారి పొయ్యి వెలిగించడానికి మైసమ్మ లేవలేదు.

ఇందులో మంగళం తప్పేమీ లేదని హనుమమ్మకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోవాలని ఎక్కడా లేదు. మైసమ్మ పోయాక తాళాలు ఆమెకే వచ్చాయి. మొదలుపెడితే ముగించాలి గనుక ఆమె మొదలే పెట్టలేదు. తాళాలు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది. ఊళ్లో భజన ఆగిపోయింది.

హనుమమ్మ ఇంటి వెనక సందులో లీలమ్మ ఉంటుంది. వరసకు మరదలు. ఆ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండేది. ఊళ్లో అందరి ఎముకలనూ అది కొంత కొంత తిన్నది, లీలమ్మ దగ్గర మాత్రం కడుపునిండా తిన్నది. కుళాయిలోకి సర్కారువాళ్ల భగీరథ నీళ్లు వచ్చేసరికి ఆమె నడుము వంగి బిగుసుకుంది, మెడ తిరగడం మానేసింది. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. మనిషి తిరగలేదు గనుక, చూడాల్సినవాళ్లే ఆమె ఎదురుగా వచ్చి నిలబడాలి. నోరు మాత్రం ఎటంటే అటు తిరుగుతుంది. కొడుకు వెంకటేశ్ పొద్దున పనికి పోతూ మంచం వాకిట్లో వేపచెట్టు నీడకు జరిపి పోతాడు. కోడలు రమ పత్తి మిల్లు నుంచి వచ్చాక మళ్లీ లోపలికి జరుపుతుంది. ఆ రెండు జరపడాల నడుమ లీలమ్మకు కనిపించేది ఎదురింటి గోడ. దాని మీద సిమెంటు కంపెనీవాళ్లు రాసిన అక్షరాలు ఆమెకు చదువు రాకపోయినా కంఠతా వచ్చు.

అట్లాంటి ఊరికి పత్తి ఏరేటప్పుడు హైదరాబాదులోని ఒక సేవా సంస్థ నుంచి స్నిగ్ధ అనే అమ్మాయి వచ్చింది. సంగీతం నేర్చిన పిల్ల. ఎముకల జబ్బువాళ్లకూ ముసలివాళ్లకూ సంగీతంతో మనసు తేలికపరచడం ఆమె ఉద్యోగం. ప్రతి గురువారం రైతు వేదికలో కార్యక్రమం. నడవలేనివాళ్లను ఇంటి నుంచి తెచ్చి దింపడానికి మారయ్య ఆటోను సంస్థే మాట్లాడింది.

రైతు వేదిక పెద్ద హాలు. గోడల నిండా పత్తికాయను తొలిచే గులాబీ రంగు పురుగు బొమ్మలు, మనిషంత సైజులో. వాటి కింద కుర్చీలు వేసి స్నిగ్ధ చిన్న స్పీకరు డబ్బాలో వేణువు పెట్టింది. కళ్లు మూసుకుని గాలి పీల్చమంది. అందరూ కళ్లు మూశారు. కాసేపటికి హాలంతా గురక. స్నిగ్ధ చాలా సంతోషించింది.

లేచాక డోలకు వాయించే భిక్షపతి ఆవులిస్తూ అన్నాడు. "మంచిగనే ఉంది మేడం. గీ నిద్ర ఇంట్లనే పోతుంటిమి గద, ఆటో కిరాయి ఎందుకు?"

స్నిగ్ధ నవ్వి ఒక అట్ట తీసింది. దాని మీద వరసగా ముఖాలున్నాయి, నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా. ఇప్పుడు మనసు ఎట్లా ఉందో వేలు పెట్టి చూపించాలి. భిక్షపతి ఏడ్చే ముఖం మీద పెట్టాడు.

"అయ్యో, ఏమైంది తాతా?"

"ఏం కాలే. గిది మా తమ్ముని లెక్క ఉన్నది."

తర్వాత వారం లీలమ్మే అడిగింది. "మేడం, మాకు ఊదుడు వద్దు. భజన జేస్తం. తాళాలు మా వదినె బియ్యం డబ్బ మీద ఉన్నయి."

హనుమమ్మ ఎన్నో సాకులు చెప్పింది. గొంతు పోయిందంది, పాటలు మరిచిపోయానంది, తాళాలకు చిలుము పట్టిందంది. లీలమ్మ ఎదురుగోడ మీది పురుగును చూస్తూ, "సింతపండు పెట్టి తోముకరా" అంది. స్నిగ్ధ రెండు చేతులూ పట్టుకుని, "అవ్వా, మీరు మొదలుపెట్టండి చాలు. చివర ఎప్పటిలాగే నేను స్పీకర్లో శాంతిపాట వేసి ముగిస్తాను" అంది.

హనుమమ్మకు అందులో ఒక దారి కనిపించింది.

మొదటి రోజే దానిమీద వాదన లేచింది. "ఎత్తుకున్నది అక్క. దించేది డబ్బ. గిదేం న్యాయం?" అన్నాడు భిక్షపతి.

"మనల కూసపెట్టింది మేడం. డబ్బ మేడందే. మేడం డబ్బ దించుతాంది. నీకేమైతాంది?" అంది లీలమ్మ.

అడ్డం చెప్పేవాళ్లు లేక ఆ తీర్పు ఖాయమైంది. ఎవరన్నా పోతే ఆ పాపం డబ్బాది. ఆ చలికాలం హనుమమ్మ గురువారాలు నిద్రపోయింది. ఊళ్లో ఎవరూ పోలేదు కూడా. డబ్బా చెయ్యి మంచిదని భిక్షపతి ఒప్పుకున్నాడు.

లీలమ్మ బుధవారం నుంచే రమ ప్రాణం తీసేది, మంచి చీర తియ్యమని. వేళ్లు పూర్తిగా చాపలేక అరచేతి మడమతో కుర్చీ చెయ్యి మీద తాళం వేసేది. ఆమె గొంతు గిలక మీద చేదతాడు పోయినట్టు ఉంటుంది. కానీ పాట విడవదు. భిక్షపతి వేళ్లు కూడా వంకరే గనుక డోలకును గుద్దేవాడు. ఆ మోతకు కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు, పాతవాళ్లు సర్దుకున్నారు. అట్ట మీద అందరి వేళ్లూ నవ్వే ముఖం దిక్కు జరిగాయి. భిక్షపతి మాత్రం తమ్ముణ్ని విడవలేదు.

ఎండాకాలం ముదిరేవేళకు స్నిగ్ధ ఒకరోజు చెప్పింది, ఇది ఆఖరి గురువారమని. సంస్థ ఆమెను పాలమూరు దిక్కు వేరే ఊళ్లకు పంపుతోంది. ఆటో కూడా ఈ రోజుతో సరి. చెప్పేటప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లీలమ్మ తన ఎదురుగా ఉన్న పురుగును చూస్తూ, "పోయి రా బిడ్డ" అంది.

భజన మొదలైంది. బాగా సాగింది. ముగిసేవేళకు స్నిగ్ధ డబ్బా తీసి, మళ్లీ సంచిలో పెట్టేసింది.

"ఇవాళ నా పాట వద్దవ్వా. ఇన్ని రోజులు మీరు పాడారు, ముగింపు కూడా మీదే కావాలి. మీరే పాడండి."

ఆ పిల్ల ప్రేమతోనే అంది. అందరూ హనుమమ్మ దిక్కు తిరిగారు. లీలమ్మ తిరగలేదు గానీ, కుర్చీ మీద ఆమె చెయ్యి ఆగింది.

హనుమమ్మ లీలమ్మను చూసింది. ఇప్పుడు మంగళం పాడితే ఈ మనిషిని ఎత్తి ఆటోలో పెడతారు. ఆటో పోయి ఆ మంచం దగ్గర దింపుతుంది. మళ్లీ రాదు. ఎదురుగోడ, సిమెంటు అక్షరాలు. ఆ తర్వాత ఒకనాడు తెల్లారి రమ వచ్చి తలుపు కొడుతుంది. ఆ తలుపు చప్పుడు హనుమమ్మకు ఇప్పుడే వినిపించింది.

ఆమె తాళాలు మోగించి అమ్మవారి పాట ఎత్తుకుంది.

"రావే తల్లీ మా వాకిటికి, రాళ్ల గుట్టల దారి పట్టి..."

సరే, ఆఖరి రోజు, ఒక పాట ఎక్కువైనా మంచిదేనని అందరూ అందుకున్నారు. అది అయ్యీ కాకముందే హనుమమ్మ ఇంకోటి ఎత్తుకుంది. దాని తోకకు మరోటి ముడేసింది. స్నిగ్ధ మురిసిపోయి ఫోనుతో వీడియో తీసింది. బయట మారయ్య ఆటో హారన్ కొట్టాడు. లోపల ఎవరూ లేవలేదు. లేవడానికి లేదు.

బర్రెలు పాలకొచ్చే వేళయింది. గాలయ్య అనే ముసలాయన ముందుగా కండువా తీసి కుర్చీలో పెట్టి, దానికో దండం పెట్టి పోయాడు. ఆ తర్వాత ఒక తమాకు సంచి కూర్చుంది. ఒక కళ్లజోడు కూర్చుంది. ఒకామె ఏమీ లేక చెంగుకున్న పిన్నీసు తీసి పెట్టిపోయింది. భిక్షపతికి చక్కెర జబ్బు, ఎక్కువసేపు ఆగలేడు. డోలకు ఒళ్లోంచి దించకుండానే అటూ ఇటూ కదిలి, చివరికి పై కండువా పరిచి దాని మీద డోలకు పెట్టి పరుగెత్తాడు. హాల్లో మనుషుల కన్నా సామాను ఎక్కువైంది.

స్నిగ్ధ ఫోను పక్కన పెట్టి చూసింది. పాపం, ముసలివాళ్లు, వస్తువులు మరిచిపోయి పోయారనుకుంది. ఒక్కొక్కటీ ఏరి, కండువాలు చక్కగా మడతపెట్టి, అన్నిటినీ టేబుల్ మీద వరసగా సర్దింది.

"మేడం!" అని లీలమ్మ కేక. "గాలయ్యను ఎందుకు మడతపెట్టినవ్?"

స్నిగ్ధ బిత్తరపోయింది. పాట ఆగకూడదు గనుక మిగిలిన ఆడవాళ్లు మళ్లీ అమ్మవారి పాట పల్లవి పట్టుకుని ఉండగా, పక్కనున్నామె గబగబా కట్టుబాటంతా చెప్పింది. కండువాలు మళ్లీ ఎవరి కుర్చీల్లో వాళ్లు కూర్చున్నారు. పిన్నీసు ఏ కుర్చీదో తేలక కాసేపు వెతుకులాట అయింది.

స్నిగ్ధ వచ్చి హనుమమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అయితే మీరు పాడేదాకా ఎవరూ ఇంటికి పోలేరా అవ్వా? మరి పాడరేం?"

హనుమమ్మ తాళాలు ఇంకొంచెం గట్టిగా కొట్టింది.

"ఆమెకు జెప్పుడు రాదు," అంది లీలమ్మ. "నేనడుగుత, నువ్వు జరుగు బిడ్డ." కుర్చీ చెయ్యి మీద తాళం విడవకుండానే మొదలుపెట్టింది. "వదినె, నా ముందుకు రా."

హనుమమ్మ తాళం కొడుతూనే లేచి వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు "రావే తల్లీ, రావే తల్లీ" అని అదే ముక్క తిప్పి తిప్పి పాడుతున్నారు.

"నా నడుము పోతాంది. పాట దించు."

"ఇంకొక్క పాట."

"ఎప్పటిసంది గదే జేస్తున్నవ్. ఏంది నీ ఫికర్?"

"నీకు దెల్వదా?"

"నేనేమన్న భీవండి పోతున్ననా? నీ ఇంటెనక సందుల ఉంట. నువ్వు కూర మాడగొడితె వాసన నాకే వస్తది."

"పోయినోళ్లంత గట్లనే అన్నరు. వస్త, యాడికి పోత అన్నరు."

"నీ మొగడు పాట పాడితె పోయిండా? చెరువు ఎండితె పోయిండు. మైసమ్మ దగ్గుతోని పోయింది. ఊరంత చూసింది, నీకే కనవడలే."

"నాకూ కనవడ్డది," అంది హనుమమ్మ. "అయినా పాడింది నేనే గద."

"రావే తల్లీ, రావే తల్లీ" అంటున్న ఆడవాళ్ల గొంతులు బొంగురుపోతున్నాయి. అందులో ఒకామె పాటలోనే రాగం తప్పకుండా, మా మనవడు బడి నుంచి వచ్చి ఉంటాడని పాడింది.

హనుమమ్మ అప్పుడు లీలమ్మ ముఖాన్ని సరిగ్గా చూసింది. పెదవులు పళ్ల కింద ఉన్నాయి. నుదురంతా చెమట. అరచెయ్యి మడమ తాళం వేస్తూనే ఉంది గానీ, మిగిలిన మనిషి ఎప్పటి నుంచో నొప్పిలో ఉంది. లీలమ్మ కూర్చోగలిగేది ఎంతసేపో ఆటో తెచ్చే మారయ్యకు కూడా తెలుసు. హనుమమ్మకు తెలియదా? తెలుసు. తెలిసే కూర్చోబెట్టింది.

"ఇంకొక్క పాట," అని ఆమె నోరు మళ్లీ అంది. అది ఆపాలని ఆమెకు ఉంది. నోటికి లేదు.

"నీతోని కాదు," అంది లీలమ్మ. ఊపిరి కూడదీసుకుంది. చేదతాడు గిలకెక్కింది.

"మా గడప తొక్కిన స్వామికి మంగళం, మట్టి గాజుల తల్లికి మంగళం..."

హాలు నిలిచిపోయింది. "రావే తల్లీ" సగంలో తెగింది. ఎత్తుకున్న మనిషి కాకుండా వేరే మనిషి మంగళం పాడటం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. అది తప్పో, ఎంత తప్పో కూడా ఎవరికీ తెలియదు. వెనకాల పాట అందుకోవడానికి ఒక్కరికీ ధైర్యం చాలలేదు. గుమ్మంలోకి వచ్చిన భిక్షపతి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి ఆగిపోయాడు.

మంగళం ఒక్కరు పాడే పాట కాదు. ఒకరు అంటే పదిమంది అందుకోవాలి, ఆలోపు ఆ ఒక్కరు ఊపిరి తీసుకోవాలి. అందుకునేవాళ్లు లేరు గనుక లీలమ్మ రెండో చరణం కూడా తనే అందుకుంది. వంగిన గుండెలో అంత గాలి లేదు. గొంతు సన్నబడింది. కళ్లు మాత్రం హనుమమ్మ మీదే ఉన్నాయి, వేరే దిక్కు తిప్పడానికి వీల్లేదు కదా. మూడో మాట దగ్గర గొంతు తెగింది.

ఆ తెగిన చోట హనుమమ్మ అందుకుంది.

ముందు తాళాలు మోగాయో, ముందు నోరు తెరిచిందో ఆమెకు తెలియదు. ఎన్నో ఏళ్ల కింద పక్కన పెట్టిన పాట. ఒక్క మాట మరిచిపోలేదు. ఆమె అందుకోగానే ఆడవాళ్లంతా ఒక్కసారి అందుకున్నారు, అవతల బర్రెలు అరుస్తున్నాయి మరి. భిక్షపతి ఉరికివచ్చి డోలకు గుద్దాడు. హారతి వెలిగింది. కండువాలకు ప్రసాదం తీశారు. స్నిగ్ధ ఏడ్చింది. ఎవరో ఆమెకు అట్ట చూపించి వేలు పెట్టమన్నారు.

లీలమ్మను ఎత్తి ఆటోలో పెట్టారు. హనుమమ్మ పక్కన నిలబడింది. "జర పైలం" అని జాగ్రత్త చెప్పింది.

"రెండు సందులు పోవాలె," అంది లీలమ్మ. "పైలంగనే పోత."

ఆ రాత్రి హనుమమ్మ నిద్రపోలేదని చెప్పడం దండగ. తెల్లారి ముఖమైనా కడగకుండా వెనక సందులోకి పోయింది. వెంకటేశ్, రమ పనికి పోయారు. మంచం వేపచెట్టు కింద ఉంది. మంచంలో లీలమ్మ కళ్లు మూసుకుని ఉంది. హనుమమ్మ వెళ్లి ఎదురుగా నిలబడింది. ముక్కు దగ్గర వేలు పెట్టబోయింది.

"బతికే ఉన్న," అంది లీలమ్మ కళ్లు తెరవకుండా.

హనుమమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది.

"తాళాలేయి?"

"ఇంటికాడ."

"మరి చేతులూపుకుంట ఎందుకొచ్చినవ్? పో, తీస్కరా. భిక్షపతిని గూడ పిలువు. గోడ చూసి చూసి యాష్టకొస్తాంది."

చలికాలమంతా లీలమ్మను భజన దగ్గరికి ఎట్లా తీసుకుపోవాలా అని సంస్థవాళ్లూ ఆటో మారయ్యా కిందా మీదా పడ్డారు. భజనను లీలమ్మ దగ్గరికి తీసుకురావచ్చని చదువుకున్నవాళ్లకూ తోచలేదు, చదువుకోనివాళ్లకూ తోచలేదు. హనుమమ్మ తాళాలకు పోయింది. పోతూ దారిలో కనబడ్డవాళ్లకు చెప్పింది. పత్తి పని అయిపోయిన కాలం, ఊళ్లో ముసలివాళ్లకు వేరే పనేం లేదు. చాపలు పట్టుకుని వచ్చారు. మంచం చుట్టూ కూర్చున్నారు.

మధ్యాహ్నం దాటాక మిల్లులో కరెంటు పోయి రమ ముందుగానే ఇంటికి బయలుదేరింది. సందు మలుపు తిరిగేసరికి డోలకు మోత వినబడింది. తాళాల చప్పుడు వినబడింది. తమ వాకిట్లోంచే. చాపల మీద మనుషులు, మనుషుల నడుమ అత్త మంచం. ఆ ఊళ్లో వాకిట్లో మంచం చుట్టూ కూర్చుని పట్టపగలు భజన చేసేది ఒక్కదానికే.

రమ చేతిలోని సద్దిగిన్నె పడేసింది. "అత్తా! పొద్దుగాల మంచిగనే ఉంటివి గదనే! ఒక్క మాట చెప్పకపోతివి గదనే!" అని గుండెలు బాదుకుంటూ ఉరికివచ్చి మంచం మీద పడింది.

"నడుము, నడుము!" అని మంచం అరిచింది.

రమ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. భిక్షపతి డోలకు ఆపాడు. హనుమమ్మ మాత్రం తాళం ఆపలేదు. మంగళం ఇంకా కాలేదు. దానికి ఇంకా టైముంది, ఆ వేళ వచ్చినప్పుడు ఆమె గుండె అదరక తప్పదు, పాడకా తప్పదు.

"ఏడుపు మంచిగ ఎత్తుకున్నవ్ బిడ్డ," అంది లీలమ్మ. "ఆనాడు గూడ గిట్లనే ఏడువు, ఊరోళ్లు మెచ్చుకుంటరు. ఇయ్యాలయితె కాదు. లేచి చాయ పెట్టు. ఎందరున్నరో నాకు కనవడదు, నువ్వే సూసి పెట్టు."

రమ కళ్లు తుడుచుకుంది. కోపం పట్టలేక అత్తను నాలుగు తిట్లు తిట్టి, గిన్నె ఏరుకుని పొయ్యి దగ్గరికి పోయింది. భిక్షపతి వెనక నుంచి కేకేసి, తన దాంట్లో చక్కెర వెయ్యొద్దన్నాడు.